తునక జాడ తీసిన విదుషి

మన శరీరమున నిరంతరము ప్రవహించు రక్తము పైకి ఒక్క ఎర్రని ద్రవమువలె కనబడును. కాని సూక్ష్మదర్శినితో చూచినచో అందు పలు విధములైన కణములు గోచరించును. ఎర్రకణములు ప్రాణవాయువును అవయవములకు మోసికొనిపోవును. తెల్లకణములు కోటను కాచు భటులవంటివి. దేహమున చొరబడిన రోగక్రిములను గుర్తించి, ఎదిరించి, నశింపజేయును. ఈ కణములన్నియు ఎముకల లోపల నుండు మూలుగయందు పుట్టుచుండును. ఎన్ని కావలెనో అన్నియే పుట్టుట, పెరిగి పక్వమగుట, పని తీరిన పిదప నశించుట వీనికి సహజధర్మము.

ఒకానొకప్పుడు ఈ ధర్మము తప్పును. తెల్లకణములు అదుపాజ్ఞలు లేక పెరిగిపోవును. సంఖ్య పెరిగినను వానిలో పెక్కింటికి శత్రువుతో పోరాడు నేర్పు ఉండదు. పనిచేయని భటులు కోటనంతయు ఆక్రమించినచో నిజమైన భటులకు చోటెక్కడ? ఎర్రకణములు తగ్గి రోగి పాలిపోవును. జ్వరములు విడువక వచ్చును. చిన్న గాయమునకే రక్తము ఆగక కారును. ఈ వ్యాధికే ల్యుకేమియా అని పేరు. రక్తపు కాన్సరు అని లోకులందురు. ఇది అంటువ్యాధి కాదు. రోగిని తాకినందువలన గాని, అతనితో కలిసి భుజించినందువలన గాని ఇతరులకు రాదు.

క్రమము తప్పని కణము ఏల క్రమము తప్పెను? ఇరువదవ శతాబ్దపు మధ్యకాలము వరకు ఈ ప్రశ్నకు సమాధానము చెప్పగలవారు లేరు. సమాధానమునకు దారి చూపినవారిలో అగ్రగణ్యురాలు జానెట్ రౌలీ అను అమెరికా దేశపు వైద్యురాలు. బాలబాలికలారా! ఆమె ఏమి చూచెనో, ఎట్లు చూచెనో, ఇతరుల కంట బడనిది ఆమె కంట ఎట్లు పడెనో ఈ పాఠమున తెలిసికొందము.

జానెట్ 1925వ సంవత్సరము ఏప్రిల్ 5వ తేదీన న్యూయార్కు నగరమున జన్మించెను. తలిదండ్రులకు ఆమె ఏకైక సంతానము. ఆమె పసితనముననే వారి కుటుంబము షికాగో నగరమునకు తరలిపోయెను. చదువునందు చూపిన ప్రతిభవలన 15 ఏండ్ల వయస్సుననే షికాగో విశ్వవిద్యాలయమువారు ఆమెకు విద్యార్థివేతనమిచ్చి చేర్చుకొనిరి. వైద్యవిద్య అభ్యసింపవలెనని ఆమె సంకల్పించెను. అర్హతకు లోటు లేదు. కాని ఆనాడు ఆ వైద్య కళాశాలలో 65 స్థానములుండగా స్త్రీలకు 3 మాత్రమే కేటాయింపబడియుండెను. ఆ సంవత్సరము ఆ మూడును అప్పటికే నిండిపోయెను. స్త్రీ యగుటయే కారణముగా ఆమె 9 నెలలు వేచియుండవలసి వచ్చెను. ఆమె నిరాశపడక వేచియుండి, మరుసటి తరగతిలో చేరి, 1948లో తన 23వ యేట వైద్యపట్టము పొందెను. పట్టము పొందిన మరునాడే డోనాల్డ్ రౌలీ అను సహాధ్యాయిని వివాహమాడెను.

ఆ 1948వ సంవత్సరము ల్యుకేమియా చరిత్రలోనే ముఖ్యమైనది. బోస్టన్ నగరమున సిడ్నీ ఫార్బర్ అను వైద్యుడు అమినోప్టెరిన్ అను మందును వ్యాధిపీడితులైన పిల్లలకిచ్చి, కొందరికి కొంతకాలము ఉపశమనము కలిగినదని ఆ ఏడు ప్రకటించెను. ఆ మందును తయారుచేసిన పరిశోధకబృందమునకు నాయకుడు మన భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావు. ఆ ఉపశమనము శాశ్వతము కాకపోయినను, అంతవరకు చేతులు ముడుచుకొని చూచుట తప్ప గతిలేని వైద్యులకు అదియొక మహదాశను కలిగించెను. అయితే అట్టి మందులు వేగముగ పెరుగు కణములనెల్ల దెబ్బతీయును. రోగము పట్టిన కణమని, ఆరోగ్యము గల కణమని భేదమెంచవు. రోగకణమును మాత్రమే గురిపెట్టవలెనన్నచో దానికిని మంచి కణమునకును గల భేదము తెలియవలెను. ఆ భేదమెక్కడ నున్నది? ఈ ప్రశ్నయే తరువాతి కాలమున రౌలీ జీవితమును నడిపించెను.

వివాహానంతరము ఆమెకు నలుగురు కుమారులు కలిగిరి. కడగొట్టు బిడ్డకు 12 ఏండ్లు నిండువరకు ఆమె వారమునందు కొన్ని దినములు మాత్రమే ఉద్యోగము చేయుచు, తక్కిన దినములు ఇంటిపట్టున ఉండి పిల్లలను పెంచెను. 1950ల నడుమ ఆమె పనిచేసిన వైద్యశాల బుద్ధిమాంద్యము గల పిల్లలకు సంబంధించినది. ఆ పిల్లలలో పలువురు డౌన్ లక్షణములు గలవారు. 1959లో ఫ్రాన్సు దేశమున లెజూన్ మొదలగువారు డౌన్ లక్షణములు గలవారి కణములలో ఒక క్రోమోజోము అధికముగా ఉన్నదని వెల్లడించిరి. దినదినమును తాను చూచు పిల్లల స్థితికి కారణము కణము నడిబొడ్డున నున్నదని తెలియుటతో రౌలీ దృష్టి క్రోమోజోములవైపు మరలెను.

క్రోమోజోములనగా నేమి? దాదాపు ప్రతి కణమునకును కేంద్రకము కలదు. అందు దారపు పోగులవంటివి కొన్ని ఉండును. కణము రెండుగా చీలు సమయమున అవి పొట్టివై, లావై, సూక్ష్మదర్శినిలో స్పష్టముగ కనబడును. ఇవియే క్రోమోజోములు. తలిదండ్రులనుండి మనకు సంక్రమించు లక్షణములకును, కణము నడవడికకును ఆధారమైన జన్యువులు వీనియందే బారులుతీరి యుండును. మనుష్యుని కణమున ఇవి 46 అని 1956లో మాత్రమే నిశ్చయముగ తెలిసెను. వానిని 23 జతలుగా ఏర్పరచి, పరిమాణమునుబట్టి వరుససంఖ్యలు వేసిరి.

1960లో ఫిలడెల్ఫియా నగరమున పీటర్ నోవెల్, డేవిడ్ హంగర్‌ఫర్డ్ అను ఇరువురు ఒక వింతను కనుగొనిరి. దీర్ఘకాలము సాగు ఒక విధమైన ల్యుకేమియా గల రోగుల తెల్లకణములలో ఒక చిన్న క్రోమోజోము మరింత చిన్నదై కనబడెను. దాని కొన తెగిపోయినట్లు తోచెను. దానికి ఆ నగరము పేరనే ‘ఫిలడెల్ఫియా క్రోమోజోము’ అని పేరిడిరి. తెగిన తునక నశించినదనియే పలువురు భావించిరి.

ఇక్కడ ఒక వివాదము తలయెత్తెను. క్రోమోజోము చెడుటవలన రోగము వచ్చుచున్నదా? లేక రోగము ముదిరినందున క్రోమోజోము చెడుచున్నదా? శాస్త్రజ్ఞులలో పెక్కుమంది రెండవ అభిప్రాయమునే నమ్మిరి. ఇల్లు కాలిన చోట బూడిద ఉండుట సహజము. బూడిదయే ఇంటిని కాల్చెననవచ్చునా? కాన్సరు కణములలో క్రోమోజోములు నానావిధముల చెదరియుండును గనుక, అవి రోగము మిగిల్చిన బూడిద మాత్రమేయని వారు తలచిరి.

1961లో రౌలీ తన భర్తతోకూడ ఇంగ్లండునందలి ఆక్స్‌ఫర్డునకు పోయెను. భర్త తన పరిశోధనకై పోగా ఆమె ఊరక కాలము గడపక అచటి ప్రయోగశాలలో క్రోమోజోములను పరీక్షించు విధానమును నేర్చుకొనెను. మరుసటి ఏడు షికాగోకు తిరిగివచ్చి, తన పూర్వ గురువును రక్తవ్యాధి నిపుణుడునైన లియాన్ జాకబ్‌సన్‌ను కలిసికొనెను. తాను ఆరంభించిన పనిని కొనసాగింపవలెనని యున్నదనియు, దినమున కొంతకాలమే పనిచేయగలననియు తెలిపెను. పని చేయుటకు ఒక చోటు, ఒక సూక్ష్మదర్శిని, బిడ్డలను చూచుకొను దాది జీతమునకు చాలునంత వేతనము కావలెనని కోరెను. జాకబ్‌సన్ సమ్మతించి, ఏడాదికి 5000 డాలర్ల వేతనముతో ఆమెను నియమించి, ల్యుకేమియా రోగుల కణములను పరీక్షింపుమని చెప్పెను.

తరువాత దాదాపు పదేండ్లు ఆమె సూక్ష్మదర్శిని ముందు కూర్చుండి చూచుచునే యుండెను. మార్పులు కనబడుచుండెను గాని, అవి ఏ క్రోమోజోమునకు చెందినవో తేలకుండెను. ఏలనన, ఆ కాలపు రంగుపూతతో క్రోమోజోములన్నియు ఒకే తీరున నల్లగా కనబడెడివి. పొడవున సమానమైనవానిలో ఏది ఎనిమిదవదో, ఏది తొమ్మిదవదో చెప్పుట దుర్లభము. ఒకే రంగు, ఒకే ఎత్తు గల గోవుల మందను చీకటిలో గుర్తింపవలసివచ్చిన కాపరి స్థితి వారిది.

1970 ప్రాంతమున ఈ చీకటి తొలగెను. స్వీడన్ దేశపు శాస్త్రజ్ఞులు క్వినాక్రిన్ జాతి రంగును క్రోమోజోములకు పట్టించి, అతినీలలోహిత కాంతిలో చూచిరి. క్వినాక్రిన్ మలేరియాకు మందుగా కూడ వాడబడినదే. ఆ కాంతిలో ప్రతి క్రోమోజోముపైనను వెలుగు చారలును, చీకటి చారలును ఏర్పడెను. చారల వరుస ఒకదానివలె మరొకదానికుండదు. గోవులకు వేర్వేరు మచ్చలు కనబడినట్లయ్యెను! రౌలీ 1970లో మరల ఆక్స్‌ఫర్డునకు పోయి ఈ క్రొత్త పద్ధతిని గ్రహించి, షికాగోకు వచ్చి, ల్యుకేమియా రోగుల కణములకు దానిని ప్రయోగించెను.

ఆమె క్రోమోజోముల ఛాయాచిత్రములు తీసి, ఒక్కొక్క క్రోమోజోమును కత్తెరతో కత్తిరించి, ఇంటియందలి భోజనపు బల్లపై జతజతలుగా పేర్చుచుండెడిది. అమ్మ కాగితపు బొమ్మలతో ఆడుకొన్నందుకు జీతమిచ్చుచున్నారని పిల్లలు పరిహసించెడివారు. పరిహాసము పరిహాసమే, పని పనియే. 1972లో ఆ బల్లపైననే ఒక రహస్యము బయటపడెను. తీవ్రమైన ఒక విధమగు ల్యుకేమియాలో 8వ క్రోమోజోము ముక్కయు 21వ క్రోమోజోము ముక్కయు చోట్లు మార్చుకొనినట్లు ఆమె గుర్తించెను.

అంతట ఆమె ఫిలడెల్ఫియా క్రోమోజోముగల రోగుల చిత్రములను చేతికి తీసికొనెను. కొన తెగిన చిన్న క్రోమోజోము 22వది. ఆమె దానిని మాత్రమే చూచి ఊరకుండలేదు. తక్కిన అన్నిటిని ఒక్కొక్కటిగ పరిశీలించెను. 9వ క్రోమోజోములలో ఒకటి ఉండవలసినదానికంటె పొడవుగ ఉండెను. దాని కొనకు ఒక తునక అదనముగ అంటుకొనియుండెను. 22వదానికి ఎంత తగ్గినదో, 9వదానికి ఇంచుమించు అంతయే పెరిగెను! నశించినదని తలచిన తునక నశింపలేదు, చోటు మారినది. ఆ రోగుల ఆరోగ్యకణములలో ఈ మార్పు కనబడలేదు. కావున ఇది పుట్టుకతో వచ్చినది కాదు. జీవితకాలమున రక్తకణములలో సంభవించినది. 1973లో ఈ సంగతి ‘నేచర్’ పత్రికయందు ప్రకటింపబడెను. ఇట్టి మార్పిడికి శాస్త్రమున స్థానాంతరణమని పేరు.

దీని ప్రాముఖ్యము బోధపడుటకు ఒక ఉపమానము చెప్పుకొందము. రెండు తాళపత్ర గ్రంథములున్నవి. ఒకటి వైద్యము, ఒకటి గణితము. రెండింటి దారములు తెగిపోగా ఎవరో తెలియక దీని చివరి ఆకులు దానికిని, దాని చివరి ఆకులు దీనికిని గ్రుచ్చిరి. ఆకులు లెక్కించినచో ఒక్కటియు తగ్గలేదు. కాని అతుకుచోట సగము వైద్యము, సగము గణితమునైన ఒక క్రొత్త వాక్యము ఏర్పడినది. దానిని చదివి మందు కలిపినచో ప్రమాదము తప్పదు. ల్యుకేమియా కణమున జరిగినదియు ఇట్టిదే.

రౌలీ మాటను లోకము వెంటనే విశ్వసింపలేదు. ఇదియు బూడిదయే కదాయని సందేహించినవారు కలరు. ఆమె వాదమునకు దిగక మరల సూక్ష్మదర్శిని ముందు కూర్చుండెను. 1977లో ఆమెయు ఆమె సహచరులును వేరొక తీవ్రమైన ల్యుకేమియాలో 15వ క్రోమోజోమునకును 17వదానికిని నడుమ మార్పిడి జరిగినదని చూపిరి. ఒక్కొక్క విధమైన ల్యుకేమియాకు ఒక్కొక్క నియతమైన మార్పిడి! పది ఊళ్ళలో పది ఇండ్లు కాలినపుడు, ప్రతి ఇంటను అదే గదిలో, అదే మూలనుండి మంట పుట్టిన గుర్తులున్నచో, అది యాదృచ్ఛికమని ఎవరందురు? ఆ మూలనే నిప్పు పుట్టినదని బుద్ధిమంతులు గ్రహింతురు. ఇదియే రౌలీ చూపిన హేతువు.

1980లలో ఈ హేతువు దృఢపడెను. 9వ క్రోమోజోముపై ఏబీఎల్ అను జన్యువు కలదు. అది 22వ క్రోమోజోముమీది బీసీఆర్ అను జన్యువుతో అతుకుకొనుటచే ఒక సంకర జన్యువు ఏర్పడునని ఇతర శాస్త్రజ్ఞులు నిరూపించిరి. ఆరోగ్యకణమున ఏబీఎల్ ప్రోటీను చెరువు తూమువంటిది. కావలసినపుడు తెరచుకొనును, అక్కరలేనపుడు మూసికొనును. సంకర జన్యువు తయారుచేయు ప్రోటీను మూతపడని తూము. పెరుగుము, చీలుము అను ఆజ్ఞ విరామము లేక పారుచుండును. తెల్లకణములు కట్టుబాటు తప్పుటకు కారణమిదియే.

కారణము తెలిసిన పిదప, తూమును మూయగల మందును వెదకుట సాధ్యమయ్యెను. బ్రయాన్ డ్రూకర్ అను వైద్యుడును, నికొలస్ లిడన్ మొదలగు రసాయనశాస్త్రజ్ఞులును కృషి చేయగా ఇమాటినిబ్ అను ఔషధము సిద్ధమయ్యెను. 1998లో దానిని రోగులపై పరీక్షింప నారంభించిరి. 2001లో అమెరికా ప్రభుత్వ సంస్థ దాని వాడుకకు అనుమతించెను. పూర్వము కొన్ని యేండ్లలో మృత్యువు పాలైన రోగులవంటివారు నేడు ప్రతిదినము మాత్ర పుచ్చుకొనుచు తమ పనులు తాము చేసికొనుచున్నారు. మన దేశమునను ఈ ఔషధము తయారగుచున్నది. 15, 17 క్రోమోజోముల మార్పిడివలన వచ్చు ల్యుకేమియాకు విటమిను ‘ఏ’ కు సంబంధించిన ఒక మందు ఉపకరించునని చీనా దేశపు వైద్యులు 1980లలో కనుగొనిరి. 17వ క్రోమోజోముపై తెగు జన్యువునకు ఆ మందుతోనే సంబంధము కలదని పిదప తేలెను. ఒకనాడు ప్రాణాంతకముగ ఎన్నబడిన ఈ విధమైన ల్యుకేమియా నేడు సకాలమున గుర్తించినచో చాలవరకు నయమగుచున్నది.

రౌలీకి అనేక గౌరవములు లభించెను. 1998లో లాస్కర్ పురస్కారమును పీటర్ నోవెల్, ఆల్ఫ్రెడ్ నడ్సన్ అను శాస్త్రజ్ఞులతో కలిసి పొందెను. 2009లో అమెరికా అధ్యక్షుడు బరాక్ ఒబామా ఆ దేశపు పౌరులకొసగు అత్యున్నత సత్కారమైన స్వాతంత్ర్య పతకముతో ఆమెను సన్మానించెను. ఇన్ని గౌరవములు వచ్చినను ఆమె తన పనిని మానలేదు. వార్ధక్యమునను సైకిలుపై విశ్వవిద్యాలయమునకు పోయివచ్చుచుండెడిది. 2013వ సంవత్సరము డిసెంబరు 17వ తేదీన, 88వ యేట, ఆమె షికాగోలో పరమపదించెను.

విద్యార్థులారా! రౌలీ చరిత్రమున అద్భుతమైన ఆయుధములేవియు లేవు. ఒక సూక్ష్మదర్శిని, ఒక కత్తెర, ఒక భోజనపు బల్ల. పొట్టిదైన క్రోమోజోమును అందరును చూచిరి. పొడవైన క్రోమోజోమును ఆమె చూచెను. లోపమున్నచోటనే చూపు నిలుపక, ఆ లోపమునకు సరిపడు ఆధిక్యము ఎక్కడనున్నదోయని వెదకుటయే ఆమె విశేషము. ఆమె వెదకునాటికి దానివలన ఏ మందు పుట్టునో ఆమెకు తెలియదు. 1973నుండి 2001వరకు 28 ఏండ్లు గడచిన తరువాతనే ఆ ఫలము చేతికందెను. ఫలము కనబడకున్నను పనియందు శ్రద్ధ విడువకుండుట, కంటికి కనబడిన సత్యమును ఇతరులు నమ్మకున్నను మరిన్ని నిదర్శనములతో ఓర్పుగ నిరూపించుట, ఇవి శాస్త్రజ్ఞులకే కాక విద్యార్థులకును ఆచరణీయములు. నేడు ఆ మాత్రవలన ప్రాణము నిలుపుకొనుచున్నవారిలో పెక్కుమందికి రౌలీ పేరు తెలియకపోవచ్చును. అయినను ఆమె భోజనపు బల్లపై పేర్చిన కాగితపు ముక్కలే వారి ఆయుర్దాయమునకు తొలి మెట్టు.

అభ్యాసము

1. తెల్లరక్తకణములను కోటభటులతో పోల్చుటకు కారణమేమి? ల్యుకేమియాలో ఈ భటుల స్థితి ఎట్లుండును?
2. ఫిలడెల్ఫియా క్రోమోజోమును గూర్చి 1960లో తెలిసినదేమి? 1973లో రౌలీ క్రొత్తగా తెలిపినదేమి?
3. “క్రోమోజోముల మార్పు రోగము మిగిల్చిన బూడిద” అను అభిప్రాయమును రౌలీ పరిశోధన ఎట్లు తొలగించెను?
4. తాళపత్ర గ్రంథముల ఉపమానమును మీ సొంతమాటలలో వివరింపుడు.
5. రౌలీ జీవితమునుండి మీరు గ్రహించిన గుణములను గూర్చి పది వాక్యములు వ్రాయుడు.